విడిగా మీటిన తీగలు, కలిసి పలికిన నాదము

పాట కచేరీలో గాయకుడు ఇంకను గొంతు విప్పకమునుపే, అతని వెనుక కూర్చున్నవారు తంబురా తీగలను పంచమము, సారణి, అనుసారణి, మంద్రము అను వరుసలో ఒకదాని వెనుక నొకటిగా మీటుచుందురు. ఆ నాలుగింటిలో ఏ రెండు తీగలును ఒక్కసారిగా మీటబడవు. అయినను, ఒకటి రెండు ఆవృత్తములు విన్న పిమ్మట మన చెవికి నాలుగు ధ్వనులు వేర్వేరుగా తోపక, మందిరమంతయు నిండిన ఒకే నాదము వినవచ్చును. చేయి విడదీసి యిచ్చినదానిని చెవి కలిపి పుచ్చుకొనుచున్నది. తెలుగువారికి చిరపరిచితమైన యీ శ్రవణానుభవమునకు తోబుట్టువు వంటిదొకటి పశ్చిమ దేశముల సంగీతములో కలదు. దానికి ఆర్పెజియో అని పేరు. ఇటాలియను భాషలో ‘ఆర్పా’ యనగా హార్పు అను బహుతంత్రీ వాద్యము. ఆ వాద్యమును వాయించు తీరున, కార్డు అను స్వరసమ్మేళనములోని స్వరములను ఒక్కుమ్మడిగా గాక ఒకదాని తరువాత నొకటిగా పలికించుటయే ఆర్పెజియో.

శంకరాభరణ రాగములోని షడ్జమమును, అంతర గాంధారమును, పంచమమును ఒకే క్షణమున పలికించినచో వినవచ్చు సమ్మేళనమునే పాశ్చాత్యులు మేజరు కార్డు అందురు. మన సంగీతము స్వరము వెనుక స్వరమును నడిపించి రాగస్వరూపమును తీర్చిదిద్దుటయందు తన ప్రతిభనంతయు వెచ్చింపగా, వారి సంగీతము గడచిన కొన్ని శతాబ్దములలో స్వరముపై స్వరమును నిలిపి కట్టడము కట్టుటయందు అమితమైన శ్రద్ధ చూపినది. ఆర్పెజియో యీ రెండు మార్గములును కలిసికొను కూడలి. అది రాగమువలె ఒక్కొక్క స్వరముగా నడచును, కార్డువలె ఒక్కటిగా నిలుచును. గిటారు చేతబట్టిన తొలి దినములలో విద్యార్థి ఆరు తీగలను ఒక్క విసరున దువ్వుట నేర్చుకొని సంతోషించును. ఆ సంతోషము న్యాయమైనదే. కాని ఆ తీగలను విడదీసి మీటుట నేర్చిన నాడే ఆ వాద్యము అతనితో మాటలాడ నారంభించునని నా దృఢవిశ్వాసము. ఆ నేర్పులో తీగ చేయు పని యేదో, వ్రేలు చేయు పని యేదో, మెదడు చేయు పని యేదో విడమరచి చూచుటయే యీ అధ్యాయమున నా ఉద్దేశము.

తీగలోని గణితము

గిటారు తీగల నెంచునప్పుడు సన్ననిది మొదటిది, లావుది ఆరవది. సాధారణముగా అనుసరించు శ్రుతిలో లావు తీగనుండి సన్న తీగ వఱకు అవి సెకనుకు సుమారు 82, 110, 147, 196, 247, 330 పర్యాయములు కంపించును. ఎడమచేతి వ్రేళ్లతో ఐదవ తీగను మూడవ మెట్టునొద్దను, నాలుగవ తీగను రెండవ మెట్టునొద్దను, రెండవ తీగను మొదటి మెట్టునొద్దను అదిమిపట్టి, మూడవ తీగను, మొదటి తీగను స్వేచ్ఛగా విడిచినచో సి మేజరు కార్డు సిద్ధమగును. ఐదవ, నాలుగవ, మూడవ తీగలనుండి వరుసగా వెలువడు స్వరముల పౌనఃపున్యములు సుమారు 131, 165, 196. ఈ మూడు సంఖ్యల నిష్పత్తి 4, 5, 6 అను చిన్న పూర్ణసంఖ్యల నిష్పత్తికి మిక్కిలి చేరువగా నున్నది.

చిన్న సంఖ్యలకును చెవియింపునకును సంబంధ మేమి? తీగ తన నిడివియంతయు ఒక్కటిగా ఊగుటయే కాక, అదే సమయమున సగములుగను, మూడవ వంతులుగను, నాలుగవ వంతులుగను విడివడి కంపించుచుండును. ఆ ఉపకంపనములనుండి పుట్టు స్వరములకు అనుస్వరములని పేరు. రెండు తీగల పౌనఃపున్యములు చిన్న పూర్ణసంఖ్యల నిష్పత్తిలో నున్నప్పుడు, ఒకదాని అనుస్వరములు కొన్ని రెండవదాని అనుస్వరములపై సరిగా వచ్చి కూర్చుండును. ఆ నిష్పత్తి చెడినప్పుడు అవి ఒకదానినొకటి ఒరసికొని విస్పందనములను, అనగా ధ్వనిలో హెచ్చుతగ్గుల అల్లలాటను, పుట్టించును. ఇంపునకును కరుకుదనమునకును మూలమిదియే యని జర్మను శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1863లో వెలువరించిన గ్రంథమున విపులముగా ప్రతిపాదించెను.

అయితే గిటారు నిష్పత్తులు 4, 5, 6 సంఖ్యలకు చేరువగా నున్నవే గాని సరిగా వానితో ఏకీభవింపవు. గిటారు మెట్లు స్థాయిని పండ్రెండు సమాన నిష్పత్తులుగా విభజించునట్లు అమర్పబడినవి. గెలీలియో తండ్రియు, స్వయముగా ల్యూటు వాదకుడును అయిన విన్చెంజో గలిలేయి 1581లో ప్రకటించిన గ్రంథములో, మెట్టు మెట్టునకును తీగ నిడివిలో పదునెనిమిదవ వంతు తగ్గించుచు పోవలెనని ఒక సులభ సూత్రము చెప్పెను. 650 మిల్లీమీటర్ల తీగకు ఆ సూత్రము ప్రకారము మొదటి మెట్టు 36 మిల్లీమీటర్ల దూరమున పడును. నేటి సూక్ష్మగణితము ప్రకారము 36.5 మిల్లీమీటర్ల దూరమున పడవలెను. నాలుగు శతాబ్దముల క్రిందటి ఆ సంగీతజ్ఞుని లెక్కకును మన లెక్కకును భేదము అర మిల్లీమీటరు మాత్రమే.

ఈ సమవిభజనవలన సి కార్డులోని గాంధారము శుద్ధ నిష్పత్తికంటె కొంచెము హెచ్చుగా పలుకును. షడ్జమపు ఐదవ అనుస్వరము సెకనుకు 654 కంపనములును, గాంధారపు నాలుగవ అనుస్వరము 659 కంపనములును కలిగియుండుటచే, ఆ రెంటి నడుమ సెకనుకు సుమారు ఐదు విస్పందనములు పుట్టును. చెవి చురుకైన విద్యార్థి ఈ అల్లలాడుటను గుర్తించి, తాను శ్రుతి తప్పితినని తలచి, తీగను కొద్దిగా దించి సవరించుకొనును. వెంటనే మఱియొక కార్డు చెడును. అతని చెవి తప్పు చేయలేదు, వాద్యమును తప్పు చేయలేదు. ఏ కార్డునకును పూర్ణ న్యాయము చేయక, ఏ కార్డునకును ఘోరమైన అన్యాయమును చేయకుండుట ఆ శ్రుతి పద్ధతిలోనే యున్న ఒడంబడిక. ఈ సంగతి తొలినాడే తెలిసికొన్న విద్యార్థికి ఎన్నో గంటల వృథాప్రయాస తప్పును.

మీటిన చోటు, పలికిన గుణము

తీగను ఎచ్చట మీటితిమనునది దాని ధ్వనిగుణమును నిర్ణయించును. ఇంగ్లండు దేశపు థామస్ యంగ్ 1800లో దీనికొక నియమము చెప్పెను: తీగను ఏ బిందువునొద్ద మీటుదుమో, ఆ బిందువు ఏ అనుస్వరమునకు నిశ్చలస్థానమో, ఆ అనుస్వరము ఆ ధ్వనిలో నుండదు. తీగను సరిగా ఐదవ వంతునొద్ద మీటినచో ఐదవ అనుస్వరము లోపించును. నడుమ మీటినచో సరిసంఖ్యల అనుస్వరములన్నియు లోపించి ధ్వని గుల్లగా, మెత్తగా వినవచ్చును. తీగలను మోయు గుఱ్ఱమునకు దగ్గరగా మీటినకొలది ఉన్నతానుస్వరములు బలపడి ధ్వని పదునెక్కును.

విశాఖపట్టణమున బాల్యము గడపిన సర్ చంద్రశేఖర వేంకట రామన్ 1921లో వీణా తంబురాలను పరిశీలించి, యీ నియమము వానియెడ చెల్లదని చూపెను. మన వాద్యముల గుఱ్ఱము సన్నని అంచువలె గాక వెడల్పుగా, కొంచెము వంపుగా నుండుటచే, కంపించు తీగ ఆ వంపునంటుచు వీడుచు నుండును. అందువలన నిశ్చలస్థానమున మీటినను ఆ అనుస్వరము బలముగానే పలుకును. తంబురా మీటువాని చేయి కొంత అటునిటు జరిగినను నాదపుష్టికి లోటు రాకపోవుటకు కారణమిదియే. గిటారు గుఱ్ఱమున కట్టి ఔదార్యము లేదు. దాని అంచు సన్ననిది. కావున చేయి ఒక అంగుళము జరిగినను ధ్వని మారును. ఆర్పెజియో అభ్యసించువాడు నాలుగు వ్రేళ్లతో నాలుగు తీగలను మీటును గనుక, ఒక వ్రేలు గుఱ్ఱమునకు చేరువగను వేఱొకటి దూరముగను పడినచో నాలుగు స్వరములు నాలుగు వాద్యములనుండి వచ్చినట్లుండును. చేతిని తీగల క్రింది రంధ్రము సమీపమున ఒకేచోట నిలుపుమని గురువులు చెప్పుట నియమనిష్ఠకొఱకు గాదు, భౌతిక ధర్మమునుబట్టి.

నాలుగు వ్రేళ్లు, నాలుగు స్వభావములు

కుడిచేతి వ్రేళ్లకు గిటారు గ్రంథములలో స్పానిషు పేర్ల తొలి అక్షరములనుబట్టి గుర్తు లేర్పడినవి: బొటనవ్రేలు పి, చూపుడువ్రేలు ఐ, నడిమివ్రేలు ఎమ్, ఉంగరపువ్రేలు ఎ. బొటనవ్రేలు ఆరవ, ఐదవ, నాలుగవ తీగలను పాలించును. చూపుడువ్రేలికి మూడవ తీగ, నడిమివ్రేలికి రెండవ తీగ, ఉంగరపువ్రేలికి మొదటి తీగ. చిటికెనవ్రేలికి సాధారణముగా పని లేదు. ఈ విభజన వాద్యమంతటికిని శాసనము కాకపోయినను, ఆరంభకునకు ఇంతకంటె మేలైన దారి లేదు.

వ్రేళ్లను కదల్చు ముఖ్య కండరములు అరచేతిలో గాక ముంజేతిలో నుండి, పొడవైన త్రాళ్లవంటి బంధములచేత వ్రేళ్లను లాగుచుండును. చేతి వెనుక భాగమున ఉంగరపువ్రేలి త్రాడు ప్రక్కవాని త్రాళ్లతో అడ్డుకట్లచే ముడివడియున్నది. నడిమివ్రేలిని లోనికి మడచి, తక్కిన వ్రేళ్ల కొనలను బల్లపై నానించి, ఉంగరపువ్రేలిని మాత్రము పైకెత్తుటకు ప్రయత్నించి చూడుడు. అది కదలనొల్లక మొరాయించును. ఆర్పెజియోలో మొదటి తీగ బలహీనముగా పలుకుటకో, ఆలస్యముగా పలుకుటకో విద్యార్థి తన అసమర్థతను నిందించుకొనుచుండును. అది దేహనిర్మాణ ధర్మము. ఉంగరపువ్రేలు నడిమివ్రేలితో కలిసి బయలుదేరుటకు పుట్టినది. విడిగా బయలుదేరుట దానికి నేర్పవలసిన విద్య.

ఆ విద్యకు మార్గము ముందుగా పట్టి, పిదప విడుచుట. నాలుగు వ్రేళ్లను వాని వాని తీగలపై మెల్లగా ఆనించి నిలుపవలెను. ధ్వని యేదియు రాకూడదు. పిమ్మట బొటనవ్రేలిని మాత్రము విడువవలెను, తక్కిన మూడును కదలకూడదు. తరువాత చూపుడువ్రేలు, ఆపై నడిమివ్రేలు, తుదకు ఉంగరపువ్రేలు. గాలిలోనుండి వచ్చి తీగను వెదకుకొను వ్రేలు ఒకసారి తప్పును, ఒకసారి దొరకించుకొనును. తీగపై ముందే విశ్రమించియున్న వ్రేలు తప్పుటకు తావు లేదు. ఈ అభ్యాసమును తొలుత ఎడమచేతికి పని లేకుండ విడి తీగలపైననే చేయవలెను. తరువాత ఇ మైనరు కార్డు పట్టవచ్చును. అందులో ఐదవ, నాలుగవ తీగలను రెండవ మెట్టునొద్ద అదుముటకు రెండు వ్రేళ్లు చాలును.

వియన్నాలోని ఒక గురువు

ఇటలీలోని బిషేల్యే పట్టణమున 1781లో జన్మించిన మౌరో జూలియాని 1806లో వియన్నా నగరమునకు పోయి, బేథోవెన్ జీవించియున్న ఆ సంగీత రాజధానిలో గిటారుకు గౌరవము సంపాదించిన మహావాదకుడు. అతడు 1812లో ప్రకటించిన అభ్యాస గ్రంథమున కుడిచేతికై 120 ఆర్పెజియో పాఠములు గలవు. ఆ నూట యిరువది పాఠములలోను ఎడమచేయి పట్టునది రెండే కార్డులు: సి మేజరు, జి సెవెంత్. మొదట చూచినవారికి ఇది బీదతనముగా తోచును. కాని మనస్సు ఒకేసారి రెండు క్రొత్త పనులపై నిలువలేదని ఆ గురువునకు తెలియును. ఎడమచేతిని అతి పరిచితమైన రెండు స్థానములలో నిలిపివేసి, విద్యార్థి శ్రద్ధనంతయు కుడిచేతి వ్రేళ్ల వరుసపైననే కేంద్రీకరింపజేయుట అందలి ఆంతర్యము. శాస్త్రజ్ఞుడు ప్రయోగశాలలో తక్కిన పరిస్థితులన్నింటిని స్థిరముగా నుంచి ఒక్కదానిని మాత్రమే మార్చి చూచు పద్ధతియే యిది.

ఆ వరుసలలో ఆరంభకునకు మూడు చాలును. పి-ఐ-ఎమ్-ఎ అను ఆరోహణము మొదటిది. పి-ఐ-ఎమ్-ఎ-ఎమ్-ఐ అను ఎక్కి దిగు ఆరు స్వరముల వరుస రెండవది. పి-ఎ-ఎమ్-ఐ అను అవరోహణము మూడవది. ఈ మూడవ వరుసలోని ఎ, ఎమ్, ఐ వ్రేళ్లు మూడింటిని ఒకే తీగపైకి తెచ్చినచో అదియే ట్రెమొలో అగును. స్పెయిను దేశపు ఫ్రాన్సిస్కో తారెగా ఆల్హంబ్రా సౌధములను స్మరించుచు రచించిన ప్రసిద్ధకృతి ఆ ఒక్క వరుసపై నడచుచున్నది. బ్రెజిలు దేశపు విల్లా లోబోస్ తన పండ్రెండు గిటారు అభ్యాసకృతులలో మొదటిదానిని ఆర్పెజియోకే అంకితము చేసెను. నేడు మీ వ్రేళ్లు తడబడుచు పలికించు నాలుగు స్వరములకు ఆ కృతులతో రక్తసంబంధము కలదు.

మెదడు వ్రాసికొను మాట

వేగముగా వాయించువాని వ్రేళ్లు ఒకదానివెంట నొకటి యెట్లు కదలుచున్నవి? ఒక వ్రేలు తీగను తాకిన స్పర్శ మెదడునకు చేరి, ఆ స్పర్శయే తరువాతి వ్రేలిని పురికొల్పుననుట పూర్వుల ఊహ. 1951లో కార్ల్ లాష్లే అను అమెరికను మనోవిజ్ఞాని ఆ ఊహను ఖండించెను. వాదకుని వ్రేళ్ల వేగమునకు అట్టి రాకపోకలకు వ్యవధి చాలదనియు, వరుస యంతయు ఒక పథకముగా ముందే మెదడులో సిద్ధమై యుండవలెననియు అతడు వాదించెను. అక్షరములు దిద్దు బాలుడు మొదట అ, మ్, మ అని కూడబలుకుకొని, కొంతకాలమునకు ‘అమ్మ’ అను మాటను ఒక్కచూపున చదువును గదా. అట్లే పి, ఐ, ఎమ్, ఎ అను నాలుగు ఆజ్ఞలు అభ్యాసవశమున ఒక్క మాటగా మారును. ఆరంభకుని కష్టమంతయు అక్షరములు మాటగా మారకపూర్వపు కష్టము.

మాట తప్పుగా కుదిరినచో తప్పుగానే స్థిరపడును. అందుచేతనే తొందర హానికరము. మన సంగీత విద్యార్థులు సరళీవరుసలను మూడు కాలములలో సాధించు పద్ధతి ఇచ్చట మిక్కిలి ఉపకరించును. నిమిషమునకు 60 దెబ్బలు కొట్టు మెట్రోనోమును పెట్టుకొని, మొదటి కాలమున దెబ్బకొక స్వరము, రెండవ కాలమున రెండు, మూడవ కాలమున నాలుగు చొప్పున మీటవలెను. క్రింది కాలములో నాలుగు స్వరములును సమబలముతో, సమవ్యవధితో పలుకకమునుపు పై కాలమునకు పోరాదు. ఆదివారమునాడు గంటా ముప్పావు కూర్చుండుటకంటె, వారమంతయు దినమునకు పావుగంట చొప్పున కూర్చుండుట శ్రేష్ఠము. విద్యను విరామములతో పంచి అభ్యసించినచో ఎక్కువకాలము నిలుచునని మనోవిజ్ఞానము అనేక పరిశోధనలచే స్థిరపరచినది.

1995లో కొందఱు శాస్త్రజ్ఞులు తొమ్మండుగురు తంత్రీవాదకుల మెదళ్లను పరీక్షించిరి. వారిలో ఆరుగురు వయొలిను వాదకులు, ఇద్దఱు చెల్లో వాదకులు, ఒకరు గిటారు వాదకులు. తీగలపై ఒక్కొక్కటిగా నర్తించు ఎడమచేతి వ్రేళ్లకు వారి మెదడులో ఇతరులకంటె విశాలమైన స్థానము ఏర్పడియున్నదనియు, కుడిచేతి విషయమున అట్టి భేదము కానరాలేదనియు తేలినది. వారిలో అధికుల కుడిచేయి కమాను పట్టునది. అందు వ్రేళ్లకు విడివిడి వ్యాపారము తక్కువ. వ్రేలి వ్రేలికిని వేఱు పని చెప్పిన చేతికే మెదడు వేఱు చోటు కేటాయించుచున్నదని దీనినుండి ఊహింపవచ్చును.

మ్రోగనిచ్చుట, ఆపుట

తీగ మీటిన తోడనే దాని ధ్వని తగ్గనారంభించును గాని, పూర్తిగా అణగుటకు కొన్ని సెకండ్లు పట్టును. పైన చెప్పిన మూడవ కాలమున నాలుగవ స్వరము మొదటిదానికంటె ముప్పాతిక సెకను ఆలస్యముగా పలుకును. అప్పటికి మొదటి స్వరమింకను సజీవముగనే యుండును. ఆర్పెజియో యొక్క ప్రాణమంతయు ఈ ముప్పాతిక సెకనులో నున్నది. కావున ఎడమచేతి వ్రేలు అదుముచున్న తీగను గట్టిగా అదుముటకంటె, ప్రక్క తీగను తాకకుండ విల్లువలె వంగి నిలుచుట ముఖ్యము. దువ్వినప్పుడు ఐదు తీగల సందడిలో ఒక మూగ తీగ దాగిపోవచ్చును. ఆర్పెజియోలో దానికి మరుగు లేదు. తొలినాళ్లలో నా సి కార్డులోని మొదటి తీగ ఎన్నడును పలికెడిది కాదు. ఆ లోపము నెలల తరబడి దువ్వుటలో కప్పబడియుండి, విడదీసి మీటిన మొదటి సాయంకాలమే బయటపడినది. చూపుడువ్రేలి కండ ఆ తీగ కొరగి నిలుచుటయే కారణము. ఆ సాయంకాలమునకు నేను నేటికిని కృతజ్ఞుడను.

ఆర్పెజియో విద్యార్థికి చేయు మఱియొక ఉపకారము కలదు. దువ్వునప్పుడు కార్డు మార్చవలసివచ్చినచో వ్రేళ్లన్నియు ఒకే క్షణమున చేరవలెను. ఆర్పెజియోలో ముందుగా పలుకవలసిన మంద్రస్వరమును పట్టు వ్రేలు ముందు చేరిన చాలును. తక్కినవి తమ తమ వంతునకు చేరుకొనును. ఎ మైనరు నుండి సి మేజరునకు పోవునప్పుడు రెండు వ్రేళ్లు ఉన్నచోటనే యుండును. ఉంగరపువ్రేలు ఒక్కటే మూడవ తీగనుండి ఐదవ తీగకు సాగిపోవును. ఏ వ్రేలు కదలనక్కరలేదో తెలిసికొనుట ఏ వ్రేలు కదలవలెనో తెలిసికొనుటకంటె తక్కువ విద్య కాదు.

తుదకు, మ్రోగనిచ్చుట నేర్చిన చేయి ఆపుటను గూడ నేర్వవలెను. ఇ మేజరు కార్డును ఆరవ తీగనుండి మీటి, ఎడమచేతి ఆకృతిని చెదరనీయక ఒక్క తీగ క్రిందికి జరిపినచో ఎ మైనరు సిద్ధమగును. దాని మంద్రస్వరము ఐదవ తీగ. కాని, అదుపులేక విడువబడిన ఆరవ తీగ ఇంకను 82 కంపనములతో మ్రోగుచునే యుండును. ఆ స్వరము ఎ మైనరునకు శత్రువు కాదు, దాని కుటుంబములోనిదే. అయినను అది అడుగున నిలిచినంతవఱకు క్రొత్త కార్డు తన నేలపై కాలూననట్లే తోచును. అప్పుడు బొటనవ్రేలు ఐదవ తీగను మీటిన తోడనే వెనుకకు వాలి, తన వీపుతో ఆరవ తీగను మృదువుగా తాకవలెను. ఈ స్పర్శవలన క్రొత్త ధ్వనియేదియు పుట్టదు, పాతదొకటి అణగును. మరుక్షణమున 110 కంపనముల ఆ ఐదవ తీగ అడుగున ఒంటరిగా, స్పష్టముగా నిలుచును. దానిపై చూపుడు, నడిమి, ఉంగరపువ్రేళ్లు తమ స్వరములను ఒక్కొక్కటిగా పేర్చుకొని పోవుచుండగా, చెవి వానినన్నింటిని ఒక్కటిగా చేరదీసికొనును.